తీగలు కొరికే హ్యామ్‌స్టర్ అడుగుతున్నది లోతైన నేల

మీరు వివరంగా రాశారు కాబట్టి పని తేలికైంది. రెండూ ఆడవేనని చెప్పి అమ్మిన సిరియన్ హ్యామ్‌స్టర్ల జతను రెండు నెలల క్రితం మీ పదేళ్ల అమ్మాయి కోసం తెచ్చారు. మొదటి నెలంతా ఒకే గూటిలో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయినవి, ఇప్పుడు రాత్రయితే కీచుమంటూ కలియబడుతున్నాయి. ఒకదాని చెవి చిరిగింది. రెండడుగుల తీగల పంజరంలో రెండు వేళ్ల మందాన చెక్కపొట్టు పరిచారు. రోజు విడిచి రోజు అంతా కడిగి ఆరబెడుతున్నా వాసన పోవడం లేదు, తీగలు కొరికే చప్పుడుకు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. తప్పు ఎక్కడ జరుగుతోందని అడుగుతూ, ముందు ముందు ఎలుకలనో గినీ పిగ్‌లనో కూడా పెంచాలని ఉందన్నారు.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఈ ఉత్తరం చదవడం ఆపి, ఆ రెండింటినీ వేరు చేయండి. రెండో పంజరం సిద్ధంగా లేకపోతే, గాలి ఆడేలా మూతకు రంధ్రాలు చేసిన పెద్ద ప్లాస్టిక్ పెట్టె అయినా ఈ రాత్రికి సరిపోతుంది. అవి మళ్లీ కలిసిపోతాయేమోనని ఎదురుచూడకండి, మధ్యలో తెర కట్టి అలవాటు చేయాలని కూడా చూడకండి. సిరియన్ హ్యామ్‌స్టర్ పుట్టుకతోనే ఒంటరి జీవి. పిల్లప్రాయంలో తోబుట్టువులతో కలిసి ఉంటుంది. యుక్తవయసు రాగానే తన హద్దులోకి వచ్చిన మరో హ్యామ్‌స్టర్‌ను తరిమికొట్టడమే దానికి తెలిసిన పద్ధతి. బయట అయితే ఓడినది పారిపోతుంది. పంజరంలో పారిపోయే చోటు ఉండదు కాబట్టి గెలిచినది కొరుకుతూనే ఉంటుంది, చాలా ఇళ్లలో ఈ కథ తెల్లవారేసరికి ఒక శవంతో ముగుస్తుంది. మొదటి నెల అవి కలిసి పడుకున్నాయన్నది స్నేహం కాదు, పసితనం.

మిగిలిన మూడు సమస్యలు, అంటే కొరకడం, వాసన, మీ నిద్రాభంగం, నా అనుభవంలో ఒకే వేరు నుంచి పుట్టినవి. పదిహేడేళ్లుగా హ్యామ్‌స్టర్లను, ఎలుకలను, గినీ పిగ్‌లను పెంచుతున్నాను. "మా దానికి జబ్బు చేసింది", "మా దానికి కోపం ఎక్కువ" అంటూ నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమందికి నేను చెప్పింది మందూ కాదు, మచ్చిక చేసే ఉపాయమూ కాదు; దాని కాళ్ల కింద ఏముందో, అది పీల్చే గాలి ఎలా ఉందో చూడమన్నాను. మనం పంజరాన్ని నిలబడి పైనుంచి చూస్తాం. రంగు, అంతస్తులు, నిచ్చెనలు కనిపిస్తాయి. అది మాత్రం నేలకు ఒక అంగుళం ఎత్తులో ముక్కు పెట్టుకొని బతుకుతుంది.

సిరియన్ హ్యామ్‌స్టర్ మన ఇళ్లలోకి వచ్చిన దారి తెలిస్తే ఈ మాట బాగా బోధపడుతుంది. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త సిరియాలోని అలెప్పో దగ్గర ఒక పొలాన్ని తవ్వించి, సుమారు 8 అడుగుల లోతున ఒక తల్లిని, దాని 11 పిల్లలను పట్టాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమన్న సామెత దాదాపు అక్షరాలా నిజమైన సందర్భం అది. పైగా ఆ తవ్వకం వృథా కాలేదు, ఈనాడు ఇళ్లలో ఉన్న సిరియన్ హ్యామ్‌స్టర్లలో అత్యధికం ఆ ఒక్క కుటుంబపు సంతతే. ఆ తరువాత చాలా కాలానికి అడవి హ్యామ్‌స్టర్ల కలుగులను కొలిచి చూసిన పరిశోధకులకు 36 నుంచి 106 సెంటీమీటర్ల లోతు వరకు కలుగులు కనిపించాయి. ఏ కలుగులోనూ ఒకటికి మించి పెద్ద హ్యామ్‌స్టర్ లేదు. ఒంటరితనం, లోతు అనే రెండూ దాని స్వభావంలో ఎంతగా ఇమిడి ఉన్నాయో ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అలాంటి జీవికి రెండు వేళ్ల మందాన పొట్టు పరిచి పైన ఇంద్రధనుస్సు రంగుల గొట్టాలు బిగిస్తే అది ఏం చేస్తుంది? మూలలో నేలను గీకుతుంది, ప్లాస్టిక్ తగులుతుంది, తీగలను పట్టుకుంటుంది. స్విట్జర్లాండ్‌లో 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో హ్యామ్‌స్టర్లను మూడు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు 10, మరొక గుంపుకు 40, ఇంకొక గుంపుకు 80 సెంటీమీటర్ల లోతున పొట్టు వేసి గమనించారు. 10 సెంటీమీటర్ల గుంపు మిగిలిన రెండింటికంటే చాలా ఎక్కువగా తీగలు కొరికింది. 80 సెంటీమీటర్ల గుంపులో తీగలు కొరకడం ఒక్కసారి కూడా కనిపించలేదు. కాబట్టి మీ హ్యామ్‌స్టర్ చేస్తున్నది అల్లరి కాదు, పళ్లు అరగదీసుకోవడం కూడా కాదు. కొరకడానికి చెక్క ముక్కలు ఇస్తే సరిపోతుందని చెప్పేవారున్నారు. ఇవ్వండి, మంచిదే, కానీ రోగం వేరే చోట ఉంది.

ఇంట్లో 80 సెంటీమీటర్లు అందరికీ సాధ్యం కాదు, నాకూ కాలేదు. కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు ఉన్న గాజు తొట్టె, అందులో ఒక సగంలో 30 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా పొట్టు, రెండో సగంలో కొంచెం తక్కువ లోతు: నేను సంతృప్తి పడింది అక్కడ. పైన మూతకు తీగవల ఉండాలి, గాజు మూత పనికిరాదు. పొట్టును ఊరికే కుమ్మరిస్తే సొరంగం నిలవదు. కాగితపు పొట్టు ఒక పొర, దాని మీద మెత్తని ఎండుగడ్డి ఒక పొర, మళ్లీ కాగితపు పొట్టు వేస్తూ ప్రతి పొరనూ అరచేతితో గట్టిగా అదమండి. మీరు వేలు గుచ్చి తీస్తే ఆ రంధ్రం కూలకుండా నిలవాలి. అదే నేను వాడే కొలత. చక్రం, మట్టిపాత్ర, చెక్క ఇల్లు వంటి బరువైన వస్తువులను పొట్టు మీద పెట్టకండి. అది కింద తవ్వుకుంటూ పోతే అవి కూలి మీద పడతాయి. కాళ్లున్న పీటలాంటిది తొట్టె అడుగున ఆనించి, దాని మీద వీటిని నిలపాలి.

మొదటిసారి ఇలా లోతుగా వేసినప్పుడు మా ముసలి హ్యామ్‌స్టర్ ఏం చేసిందో చెబుతాను. బతుకంతా పలుచటి పొట్టు మీదే గడిపిన జీవి అది, అప్పటికి ఏడాదిన్నర వయసు. అరగంటసేపు పైన తచ్చాడి, ఒక మూలన ముంగాళ్లతో తవ్వడం మొదలుపెట్టి, వెనక కాళ్లతో పొట్టును తన్నుతూ తోకతో సహా మాయమైంది. రెండు రోజులు మాకు కనిపించనే లేదు. మూడో రాత్రి బుగ్గ సంచులు భుజాల దాకా ఉబ్బి ఉండగా పైకి వచ్చి, గిన్నెలోని గింజలన్నీ ఖాళీ చేసి మళ్లీ దిగింది. గాజు పక్కనే తవ్విన అరలో, ముంగాళ్లతో బుగ్గలను వెనక నుంచి ముందుకు నొక్కుకుంటూ ఒక్కొక్క గింజను కక్కి పేర్చడం చూశాం. ఆ రాత్రి నుంచి తీగల జోలికి పోలేదు. అయితే అది కనబడడం తగ్గిపోతుందన్న మాట నిజం. మీ అమ్మాయికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

చక్రం గురించి ఒక్క మాట. సిరియన్ హ్యామ్‌స్టర్‌కు 28 సెంటీమీటర్లకు తగ్గని వ్యాసం, చువ్వలు లేని నునుపైన నడకదారి ఉండాలి. పరుగెత్తేటప్పుడు వీపు వంగి కనబడితే చక్రం చిన్నదని అర్థం. పారదర్శకమైన ప్లాస్టిక్ బంతిలో పెట్టి ఇల్లంతా దొర్లించే వస్తువును మాత్రం పారవేయండి. అందులో దానికి దారి తెలియదు, ఆగాలన్నప్పుడు ఆగలేదు.

పొట్టు రకానికి వద్దాం. దేవదారు, పచ్చి పైన్ చెక్కపొట్టుకు ఉండే ఆ పరిమళం మనకు శుభ్రంగా తోస్తుంది గాని, ఆ వాసనను ఇచ్చే ద్రవ్యాలు ఊపిరితిత్తులను రేపుతాయి, కాలేయం పనితీరును మారుస్తాయి. మీ పంజరంలో ఉన్నది ఏ చెక్కో తెలియకపోతే మార్చడమే మేలు. దుమ్ము రేగే సన్న రంపపు పొట్టు కూడా వద్దు. గుప్పెడు తీసి నల్లని గుడ్డ మీద విదిలించండి. బూడిద పరిచినట్టు కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. గూటి కోసమంటూ అమ్మే దూదిపింజలను ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. ఆ నారలు కాలి వేళ్లకు చుట్టుకొని రక్తం ఆగిపోతుంది, మింగితే పేగుల్లో చిక్కుకుంటాయి. రంగూ వాసనా లేని మెత్తని టిష్యూ కాగితాన్ని చించి వేస్తే అదే చక్కగా మోసుకుపోయి గూడు కట్టుకుంటుంది.

ఇక వాసన. మీరు ఎక్కువగా కడగడం వల్లనే వాసన ఎక్కువవుతోందంటే నమ్మబుద్ధి కాదు, కానీ జరుగుతున్నది అదే. హ్యామ్‌స్టర్ పక్కలకు రెండు గ్రంథులుంటాయి. వాటిని గోడలకు రాస్తూ, మూత్రంతో గుర్తులు పెడుతూ ఇది నా ఇల్లు అని రాసుకుంటుంది. మీరు రోజు విడిచి రోజు ఆ రాతను తుడిచేస్తుంటే అది మళ్లీ మొదటి నుంచి రాసుకుంటోంది. దాచుకున్న గింజలు పోయాయి, గూడు పోయింది. అంత కంగారులో ఉన్న జీవి కొరకకపోతే ఆశ్చర్యం. పెద్ద హ్యామ్‌స్టర్ చాలావరకు ఒకే మూలన మూత్రం పోస్తుంది. ఆ మూలన నాలుగు వేళ్ల లోతున సన్న ఇసుక పోసిన పాత్ర పెడితే చాలాసార్లు అందులోకే మారుతుంది. ఇసుకే కావాలి, పొడిలా ఎగిరే దుమ్ము వద్దు. రోజూ ఆ తడిసిన ఇసుకను గరిటెతో తీసివేయండి, దాచుకున్న పచ్చి కూరముక్కలు కుళ్లకుండా ఏరేయండి, అంతే. నాలుగైదు వారాలకొకసారి పొట్టులో మూడో వంతు మాత్రం మార్చి, గూటిని, గింజల గాదెను ముట్టకుండా వదలండి. చిట్టెలుకల విషయంలో దీన్ని పరీక్షించి కూడా చూశారు: మగవాటి పంజరం మార్చేటప్పుడు పాత గూటి మెత్తని సరుకును కొత్త దానిలో వేస్తే పోట్లాటలు తగ్గాయి, మూత్రంతో తడిసిన పొట్టును వేస్తే పెరిగాయి. ఉంచవలసింది గూడు, తీయవలసింది తడి.

ఇదే లెక్కను ఎలుకలకు వర్తింపజేస్తే తప్పులో కాలేస్తారు. ఆ తప్పు నేను చేశాను. హ్యామ్‌స్టర్‌కు బాగా పనిచేసిన గాజు తొట్టెలోనే నా మొదటి రెండు ఎలుకలను ఉంచాను, అందులోనూ పైన్ పొట్టు వేసి. మూడు వారాల్లో తుమ్ములు మొదలయ్యాయి. ముక్కు చుట్టూ, కళ్ల మూలల్లో ఎర్రని మరకలు కనబడితే రక్తమేనని భయపడి పశువైద్యురాలి దగ్గరకు పరుగెత్తాను. అది రక్తం కాదనీ, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే పార్ఫిరిన్ అనే ఎర్రని ద్రవ్యమనీ, ఒత్తిడిలోనో జబ్బులోనో ఎక్కువగా కారుతుందనీ ఆవిడ చెప్పారు. తరువాత ఆవిడ అడిగిన ప్రశ్న ఇంకా గుర్తుంది: "తొట్టెలో మీ ముక్కు పెట్టి చూశారా?" ఇంటికి వచ్చి మోకాళ్ల మీద కూర్చొని, మూత తీసి, పొట్టుకు జానెడు ఎత్తున గాలి పీల్చాను. కళ్లు మండాయి. నిలబడి చూస్తే ఏ వాసనా లేని తొట్టె అది.

పెంపుడు ఎలుకల్లో చాలావాటి శ్వాసనాళాల్లో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఎప్పుడూ నక్కి ఉంటుంది. మూత్రంలోని యూరియాను పొట్టులోని బ్యాక్టీరియా అమోనియాగా మారుస్తుంది, ఆ అమోనియా గాలి నిలిచిన తొట్టెలో పేరుకొని శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, అప్పటిదాకా నక్కి ఉన్నది విజృంభించి న్యుమోనియాకు దారితీస్తుంది. ఎలుకలు హ్యామ్‌స్టర్‌లా ఒక్కటి కాదు, కనీసం రెండు మూడు కలిసి ఉంటాయి, మూత్రమూ అంతే ఎక్కువ. అందుకే వాటికి నాలుగు వైపులా గాలి ఆడే ఎత్తైన తీగల పంజరం, తరచుగా మార్చే కాగితపు పొట్టు, ఎక్కడానికి తాళ్లు, ఊయలలు కావాలి. నేల మాత్రం తీగలతో ఉండకూడదు; దాని మీద నడిచి నడిచి పాదాలకు పుండ్లు పడతాయి. బయటి నుంచి ఇంట్లోకి అడుగుపెట్టిన వెంటనే వాసన చూడండి, ఎందుకంటే ఆ గదిలోనే కూర్చున్న ముక్కు పది నిమిషాల్లో మొద్దుబారిపోతుంది.

తోడు విషయంలో కూడా జాతిని బట్టి న్యాయం మారుతుంది. ఎలుక, గినీ పిగ్, జెర్బిల్ అనే చిన్న ఎడారి ఎలుక ఒంటరిగా ఉంటే కృశిస్తాయి. గినీ పిగ్‌ను ఒంటరిగా ఉంచకూడదని స్విట్జర్లాండ్ 2008 నాటి తన జంతు సంరక్షణ నిబంధనల్లోనే చేర్చింది. మనిషి ఎంత ముద్దుచేసినా రాత్రి మూడింటికి దాని మెడ దువ్వడు. అయితే ఆడా మగా తేడా మీరే చూసుకోవాలి, అమ్మేవారి మాటను నమ్మవద్దు. ఎలుకలు అయిదు వారాలకే ఈడుకు వస్తాయి, చూలు మోసేది మూడు వారాలే.

గినీ పిగ్‌లు పెంచాలన్న ఆలోచన మీ అమ్మాయి వయసుకు హ్యామ్‌స్టర్ కంటే బాగా అతుకుతుంది. పగలు మెలకువగా ఉంటాయి, అరుదుగా కొరుకుతాయి, అయిదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. వాటికి ఎత్తు, చక్రం, సొరంగం అక్కరలేదు. రెండింటికి కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉన్న చదునైన నేల, రెండు దారులున్న రెండు దాగుచోట్లు, ఎప్పుడూ ఖాళీ కాని ఎండుగడ్డి కావాలి. ఆ గడ్డి తిండి మాత్రమే కాదు, జీవితాంతం పెరిగే దవడపళ్లను అరగదీసే ఆకురాయి కూడా. మనలాగే వాటి శరీరం విటమిన్ సిని తయారుచేసుకోలేదు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు అందాలి. నీళ్లలో చుక్కలు కలపకండి, సారం త్వరగా తగ్గిపోతుంది. ఒక క్యాప్సికమ్ ముక్క ఆ పని సులువుగా చేస్తుంది. నడవడానికి ఇష్టపడక కీళ్లు వాచిన గినీ పిగ్‌ను చూస్తే నాకు మొదట తట్టే అనుమానం ఈ లోపమే.

ఎండ విషయంలో గాజు తొట్టెను కిటికీ దగ్గర పెట్టకండి. గంట ఎండ పడితే అది పొయ్యి అవుతుంది. గినీ పిగ్‌లకు 27, 28 డిగ్రీలు దాటగానే ప్రమాదం మొదలవుతుంది. హ్యామ్‌స్టర్ చలిని మరో రకంగా ఎదుర్కొంటుంది: బాగా చల్లబడిన గదిలో చచ్చినట్టు బిగుసుకుపోయి జడనిద్రలోకి పోవచ్చు. పాతిపెట్టే తొందరలో ఉండకుండా గదిని మెల్లగా వెచ్చబరచి, మీసాలు కదులుతాయేమో కాసేపు చూడండి.

నీటి సీసా నిండుగా ఉంది కదా అని ఊరుకోకండి, మూతిలోని గోళీ ఇరుక్కుపోతుంది. రోజూ ఒకసారి వేలితో తాకి చుక్క రాలుతోందో లేదో చూడాలి. పళ్ళెం నిండా గింజల మిశ్రమం పోస్తే పొద్దుతిరుగుడు గింజలు ఏరుకొని మిగతావి వదులుతాయి కాబట్టి, అన్నీ తిన్నాకే మళ్లీ వేయండి.

జబ్బును దాచుకోవడంలో ఇవన్నీ ఆరితేరినవి. వేటాడే జంతువుల మధ్య బతికిన జాతులు కదా. అందుకే వారానికొకసారి వంటింటి తూకంలో గిన్నె పెట్టి, అందులో కూర్చోబెట్టి బరువు రాసుకోండి. పదో వంతు బరువు తగ్గిందంటే చూడడానికి ఎంత చలాకీగా ఉన్నా వైద్యుల దగ్గరకు తీసుకుపోవాలి. ఒక హెచ్చరిక మరిచిపోకండి: మనుషులకో కుక్కలకో ఇచ్చిన అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందును గినీ పిగ్‌కు గాని హ్యామ్‌స్టర్‌కు గాని నోట పోస్తే, పేగుల్లోని మేలుచేసే బ్యాక్టీరియా నశించి ప్రాణమే పోవచ్చు. మీ హ్యామ్‌స్టర్ చెవి గాయాన్ని గోరువెచ్చని ఉప్పునీటితో తుడిచి వదలండి. చీము పడితే మాత్రం వైద్యులకు చూపండి. ముట్టుకున్న ప్రతిసారీ మీ అమ్మాయి సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఇంట్లో గర్భవతులుంటే పొట్టు మార్చే పని వారికి పెట్టకండి.

చివరిగా, రెండూ ఆడవేనన్న మాట గురించి. ఒకదానిని అరచేతిలో కూర్చోబెట్టి వెనక నుంచి చూడండి. పెరిగిన మగదాని వెనకభాగం తోక కిందుగా పొడుచుకు వచ్చినట్టు ఉంటుంది, ఆడదానిది గుండ్రంగా ఉంటుంది. కింద రెండు రంధ్రాల మధ్య దూరం మగదానికి బాగా ఎక్కువ. ఒకటి మగదని తేలితే, వేరు చేసిన రోజు నుంచి లెక్కపెట్టండి. హ్యామ్‌స్టర్ చూలు 16 రోజులే, మహా అయితే 18. ఆ గడువు దాటేదాకా ఆడదాని పొట్టు కదపకండి, టిష్యూ కాగితం, తిండి కాస్త ఎక్కువగా వేయండి. గూటిలోంచి సన్నని కిచకిచలు వినిపిస్తే మూత తీసి చూడాలన్న కోరికను పది రోజుల పాటు ఆపుకోండి. బెదిరిన తల్లి పిల్లలను తానే తినేస్తుంది. నాలుగో వారం నిండేలోగా ఆడపిల్లలను, మగపిల్లలను విడదీయాలి, ఆ తరువాత ఒక్కోదానికి ఒక్కో ఇల్లు కావాలి కాబట్టి, తీసుకునేవారిని ఇప్పటి నుంచే వెతకడం మొదలుపెట్టండి.